లైట్లన్నీ ఆపేస్తున్నా యూనిట్లు తగ్గట్లేదు, పొగ లెక్క చూస్తే గుండె ఆగేలా ఉంది. ఎక్కడ తప్పు?

కిటికీపక్కన
మూడు నెలలుగా మా ఇంట్లో నేనే కరెంటు పోలీసుని. ఎవరైనా గది దాటితే లైటు ఆపేస్తా, ఫోన్ ఛార్జర్లు పీకేస్తా, టీవీ వెనక స్విచ్ కూడా కట్టేస్తా. నేను వస్తుంటే పిల్లలు విజిల్ వేస్తున్నారు. ఇంత చేసినా నెలకు 300 యూనిట్లకు అటూ ఇటూగానే ఉంది, పది కూడా తగ్గలేదు. మొన్న ఎవరో పంపిన కార్బన్ లెక్కల పేజీలో ఆ యూనిట్లు కొడితే కరెంటు ఒక్కదానికే నెలకు 240 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంది. నా ఒంటి బరువుకు మూడింతల పైన, అదీ ప్రతి నెలా! అప్పట్నుంచి అదో టెన్షన్. ఇంట్లో నలుగురం. ఒక ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కింద ఒకటి పైన ఒకటి గీజర్లు, ఫ్యాన్లు. వంట గ్యాస్ మీద. ఏం చేయాలి?

సగం_ఇంజనీరు
దొంగ దొడ్డిదారిన పోతుంటే మీరు వీధి గుమ్మంలో కాపలా కాస్తున్నారు. ఈ కాలం ఫోన్ ఛార్జర్ ఊరికే ప్లగ్‌లో ఉంటే ఏడాది మొత్తానికి ఒకటో రెండో యూనిట్లు తాగుతుంది. పీకీ పీకీ ప్లగ్ పాయింటే వదులైపోతుంది, అంతే లాభం.

లెక్కలపురుగు
పై పోస్టుకు లెక్క జోడిస్తున్నా. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 45 వాట్-అవర్లు. ఒక యూనిట్ కావడానికి 22 రోజులు పడుతుంది. ఇప్పుడు 20 లీటర్ల బకెట్ నీళ్లు తీసుకోండి. 27 డిగ్రీలు పెంచాలంటే 20 × 27 × 4.186, అంటే సుమారు 2,260 కిలోజౌళ్లు. యూనిట్‌కు 3,600 కిలోజౌళ్లు కాబట్టి 0.63 యూనిట్. అంటే ఒక్క బకెట్ వేడినీళ్లు ఆ బల్బుకు 14 రోజుల తిండి. ఏసీ కంప్రెసర్ గంటసేపు ఆగకుండా తిరిగితే యూనిట్‌న్నర, అంటే బల్బుకు నెల పైన.

ఇంట్లో వేడి చేసేవి, చల్లబరిచేవి రాజులు. వెలిగేవి, మోగేవి అన్నీ బంట్లు. మీరు మూడు నెలలుగా బంట్ల వెంట పడ్డారు.

మధ్యాహ్నపునిద్ర
మరి ఫ్యాన్? మా ఇంట్లో ఆరున్నాయి, ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతూనే ఉంటాయి.

లెక్కలపురుగు
పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ మోటారు ఉన్నది 30 దగ్గర. నిజంగా రోజంతా తిరిగేదైతే నెలకు ఒక్కో ఫ్యానుకు 32 యూనిట్లు మిగులుతాయి. అది బంటు కాదు, గుర్రం అనుకోండి.

ఊరికేచదివా
నాకొక డౌటు, నవ్వకండి. 300 యూనిట్లకు 240 కిలోలు అంటే యూనిట్‌కు 800 గ్రాములు. ఒక యూనిట్‌కి కాలే బొగ్గే అరకిలో పైచిలుకు అని ఎక్కడో చదివా. కాల్చిన సరుకు కన్నా పొగ బరువు ఎక్కువ ఎలా అవుతుంది? కాలిస్తే తగ్గాలి కదా?

బొగ్గుబావి_08
నవ్వేదేముంది, మంచి ప్రశ్న. థర్మల్ ప్లాంటులో పన్నెండేళ్లు చేశా, కొత్తలో నేనూ ఇదే అడిగా. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి బూడిద కుప్ప చూపించి "మిగతాది ఎటు పోయింది?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

బొగ్గులో కాలేది ముఖ్యంగా కార్బన్. అది గాలిలో ఆక్సిజన్‌ని తోడు తీసుకుని పోతుంది. 12 గ్రాముల కార్బన్‌కి 32 గ్రాముల ఆక్సిజన్ తగులుకుంటే 44 గ్రాములు. కార్బన్ బరువుకు మూడున్నర రెట్లు పైనే. ఓ మోస్తరు బొగ్గులో సగం కార్బన్ ఉన్నా అరకిలోకి కిలో దాకా వస్తుంది. బరువు గాలి ఇచ్చింది, పేరు బొగ్గుకు వచ్చింది.

ఇంకో సంగతి. బొగ్గులో ఉన్న వేడి వంద పాళ్లైతే కరెంటుగా మారేది 35 దగ్గర. మిగతాదంతా పొగగొట్టంలోంచి, కూలింగ్ టవర్‌లోంచి పోతుంది. జనం "అమ్మో ఎంత కాలుష్యమో" అని ఫొటోలు తీసే ఆ లావుపాటి టవర్‌లోంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరి. అసలు కార్బన్ డయాక్సైడ్ పక్కనున్న సన్నటి గొట్టంలోంచి పోతుంది, కంటికి కనపడదు. కనపడి ఉంటే ఇన్ని చర్చలు అక్కర్లేదు.

తలతిక్క
మనిషి ఊపిరితో రోజుకు కిలో దాకా వదులుతాడట. మా బావ ఉపన్యాసం మొదలుపెడితే రెండు కిలోలు ఖాయం. ఆయన్ని ఏ స్విచ్ దగ్గర ఆపాలి?

లెక్కలపురుగు
మీ బావగారిది లెక్కలోకి రాదు. ఆయన వదిలేది తిన్న పంటలోంచి వచ్చిన కార్బన్. ఆ పంట దాన్ని మొన్నమొన్ననే గాల్లోంచి తీసుకుంది. నేల కింద కోట్ల ఏళ్లుగా పడున్నదాన్ని తవ్వి కాలిస్తేనే కొత్త అప్పు. ఆయన్ని మాట్లాడనివ్వండి.

గోడమీదబల్లి
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. ఇదంతా మన నెత్తిన రుద్దుతున్న అపరాధభావం. ప్లాంటు నేను కట్టానా? బొగ్గు నేను తెమ్మన్నానా? ఫ్యాక్టరీలు, విమానాలు వదిలేసి ఇల్లాలు గీజర్ ఎంతసేపు వేసిందో లెక్కేస్తున్నారు.

బొగ్గుబావి_08
సగం నిజం. ప్లాంటు మీరు కట్టలేదు గానీ సాయంత్రం ఏడింటికి అందరూ ఒక్కసారి స్విచ్ వేస్తే కంట్రోల్ రూములో మేం లోడు ఎక్కించేవాళ్లం. ఆ గీత అలా పైకి లేస్తుంటే ఏ ఇంట్లో ఏం వేశారో తెలిసేది కాదు గానీ, ఇళ్లే అని తెలిసేది.

నీలిగీత
అంకెలు కావాలంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022లో ఇచ్చిన నివేదికలో ఉన్నాయి. 2019లో ప్రపంచంలోని మొత్తం గ్రీన్‌హౌస్ వాయువుల్లో భవనాల వాటా 21 శాతం, దాదాపు 1,200 కోట్ల టన్నులు. ఇందులో ఇళ్లే కాదు, ఆఫీసులూ దుకాణాలూ కలిపి. అందులో 57 శాతం మన గోడల బయట, కరెంటూ వేడీ తయారయ్యే చోట పుట్టినది. ఇంట్లో పొయ్యి, బాయిలర్ లాంటివి మండించి నేరుగా వదిలింది 24 శాతం. మిగతా 18 ఇల్లు కట్టిన సిమెంటు, ఉక్కుది. కాబట్టి గోడమీదబల్లి గారూ, ప్లాంటు మారితే మనలో ఎవరూ ఏమీ చేయకుండానే సగానికి పైగా తగ్గుతుంది. అది మారేదాకా ఏం చేయాలన్నదే ఇక్కడి గొడవ.

గోడమీదబల్లి
నేను చెప్పింది కూడా అదే కదా, మర్యాదగా చెప్పారు.

సగం_ఇంజనీరు
అసలు మనిషిని మరిచిపోయారు. కిటికీపక్కన గారూ, ఒక పని చేయండి. మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుతుంటుంది చూడండి. పక్కనే 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది. అన్ని మిణుకులైతే ఒక యూనిట్. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి ఆ దీపం ముందు కూర్చోండి. పది నిమిషాలు చాలదు, కనీసం గంట. అది ఏం చెప్తే అది రాయండి.

తలతిక్క
అర్ధరాత్రి మీటరు ముందు కూర్చుంటే ఇంట్లోవాళ్లు వైద్యుణ్ణి పిలుస్తారు.

పొయ్యిముందు
ఈలోగా నా గోల వినండి. ఇండక్షన్‌కి మారితే భూమికి మంచిదని మా అబ్బాయి ఒకటే పోరు. గ్యాస్ పొయ్యి మంట సగం గిన్నె పక్కల నుంచి పోతుందట. నాకేమో గ్యాసే హాయి. ఎవరిది రైటు?

ఎండకన్ను
మీ అబ్బాయిది. ఇండక్షన్‌లో 85 శాతం వేడి గిన్నెకి చేరుతుంది, గ్యాస్‌లో 50 దాటడం కష్టం. ఇందులో చర్చే లేదు.

లెక్కలపురుగు
చర్చ ఉంది. గిన్నెకి ఒక యూనిట్ వేడి చేరాలనుకోండి. సిలిండర్ గ్యాస్ అయితే రెండు యూనిట్ల వేడి మండాలి. దాని పొగ యూనిట్‌కు 227 గ్రాములు, మొత్తం 450 గ్రాములు. ఇండక్షన్‌కి 1.18 యూనిట్ల కరెంటు కావాలి. కిటికీపక్కన గారి లెక్కలోలా యూనిట్‌కు 800 గ్రాములైతే 940 గ్రాములు. రెట్టింపు! కరెంటు యూనిట్‌కు 385 గ్రాముల కన్నా శుభ్రంగా ఉన్నచోటే ఇండక్షన్ గెలుస్తుంది. బొగ్గు మీదే నడిచే కరెంటుతో అయితే పొగ మీ వంటింట్లోంచి ప్లాంటుకి మకాం మార్చినట్టే.

ఎండకన్ను
ఇవాళ్టి లెక్క అది. గ్యాస్ పొయ్యి పదేళ్ల తర్వాత కూడా అంతే పొగ వదులుతుంది. కరెంటు ఏటేటా శుభ్రపడుతుంటే అదే ఇండక్షన్ పొయ్యి ఏమీ చేయకుండానే మారిపోతుంది. పైగా ఇంట్లో పీల్చే గాలి సంగతి? మంటలోంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీరు పురుగులా ఒక్క అంకె చుట్టూ తిరుగుతున్నారు.

లెక్కలపురుగు
పేరు పెట్టుకున్నందుకు అనిపించుకున్నా. గాలి సంగతి ఒప్పుకుంటున్నా, అది నా లెక్కలో లేదు.

నీలిగీత
పొయ్యి ఆపి ఉన్నప్పుడు కూడా లీకవుతుందని కాలిఫోర్నియా ఇళ్లలో కొలిచారు కదా, 2022లో వచ్చింది. పొయ్యిల మీథేన్‌లో మూడొంతులు ఆపి ఉన్నప్పుడు కారిందే.

బొగ్గుబావి_08
అది గొట్టం గ్యాస్, అంటే మీథేన్. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. రెండింటినీ ఒక గాటన కట్టకండి. మీథేన్ కాలకుండా కారితేనే పెద్ద తంటా. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కి 27 రెట్ల పైన, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు దాటి వేడిని పట్టి ఉంచుతుంది.

పొయ్యిముందు
ఇంత చదివాక నాకు అర్థమైంది, గిన్నె మీద మూత పెట్టమని.

చల్లమెషిన్
ఏసీ పని మీద పదిహేనేళ్లుగా ఇళ్లు తిరుగుతున్నా. అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు, లోపలి గ్యాస్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆర్-410ఏ గ్యాస్ కిలో గాల్లో కలిస్తే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంట్లో ఏసీలో ఉండేది ఇంచుమించు ఆ కిలోనే. కిటికీపక్కన గారి లెక్కలో 2,600 యూనిట్లు కాల్చినట్టు, అంటే ఎనిమిది నెలల పైచిలుకు కరెంటు అయిదు నిమిషాల్లో.

పని నేర్చుకునే రోజుల్లో మేస్త్రీ చెప్పినట్టు మేమూ చేశాం. పాత ఏసీ దించేటప్పుడు నట్టు వదులు చేస్తే "స్స్స్" అని పోయేది. చేతికి తగిలితే మంచు ముక్కలా ఉండేది. అదేదో సరదా అనిపించేది. ఇప్పుడు పంప్‌డౌన్ చేసి గ్యాసంతా బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు బిగిస్తా, తర్వాతే పైపులు విప్పుతా. పావుగంట ఎక్కువ పడుతుంది. మీ ఇంటికొచ్చినవాడు ఆ పావుగంట చేస్తున్నాడా లేదా నిలబడి చూడండి.

ఇంకోటి. ఏటా గ్యాస్ నింపాలని ఎవడైనా అంటే నమ్మొద్దు. అది బండిలో పెట్రోలు కాదు ఖర్చవడానికి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు కారే చోటు వెతికించండి.

ఊరికేచదివా
ఈ చర్చ మొత్తంలో నాకు పనికొచ్చిన పోస్టు ఇదే. మాకు మూడేళ్లుగా ఏటా నింపుతున్నారు. అంటే మూడుసార్లు గాల్లో కలిపానా దేవుడా.

మధ్యాహ్నపునిద్ర
కొత్త ఏసీ కొనాలంటే ఏ గ్యాస్ చూడాలి?

చల్లమెషిన్
ఆర్-32 అయితే 675, అంటే మూడో వంతు. ఆర్-290 అని ఉంటే అది ప్రొపేనే, మూడు నాలుగు మించదు. కాకపోతే మండే సరుకు, పని తెలిసినవాడే చెయ్యి పెట్టాలి. 2016లో కిగాలీలో దేశాలన్నీ కూర్చుని ఆర్-410ఏ లాంటి ఈ హెచ్‌ఎఫ్‌సీ గ్యాసులు తగ్గించుకుంటూ పోవాలని ఒప్పుకున్నాయి. అందుకే పాత రకాలు మెల్లగా పోతున్నాయి.

కిటికీపక్కన
కూర్చున్నా. తలతిక్క గారు అన్నట్టే మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది.

ఫ్రిజ్ ప్లగ్ పీకి, వైఫై డబ్బా ఒక్కటే వదిలి, టార్చి పట్టుకుని మెట్ల కింద ముక్కాలి పీట వేసుకున్నా. మీటరు మీద 3200 అని ఉంది. మొదట్లో నిమిషానికి ఒక్క మిణుకు. దోమలు తప్ప ఏమీ జరగట్లేదు. పన్నెండుంపావుకి ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలెట్టింది, సెకనుకు దాదాపు రెండు. లేచి నిలబడ్డా. సరిగ్గా నాలుగు నిమిషాలు కొట్టుకుని చప్పబడిపోయింది. నాకు కాస్త భయమేసింది కూడా. మళ్లీ గంటన్నరకి అదే తంతు.

సగం_ఇంజనీరు
నిమిషానికి ఒకటి అంటే 19 వాట్లు, అది వైఫై డబ్బా, ఇంకేదైనా చిన్నా చితకా. సెకనుకు దాదాపు రెండు అంటే రెండు కిలోవాట్లు. ఇంట్లో ఆ సైజు సరుకు, దానంతట అదే వచ్చి ఆగిపోయేది ఒక్కటే. గీజర్. నీళ్లు చల్లారితే వేసి, కాగితే ఆపే థర్మోస్టాట్ దానికుంటుంది.

కిటికీపక్కన
కుదరదండీ. రెండు గీజర్ల స్విచ్‌లూ నా చేత్తో ఆపా. ఎర్ర దీపాలు కూడా వెలగట్లేదు.

సగం_ఇంజనీరు
దీపం వెలగట్లేదంటే గీజర్ ఆగిందని కాదు, దీపం పోయిందని కూడా. బోర్డులో ఎంసీబీలు ఒక్కొక్కటే దించి చూడండి.

కిటికీపక్కన
దొరికింది!! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పట్టారు.

పై బాత్‌రూములో నేను రోజూ ఆపుతున్నది గీజర్ స్విచ్ కాదు, పక్కన ఖాళీ ప్లగ్‌ది. గీజర్‌ది అటక మీద, పాత సూట్‌కేసు వెనకాల ఉంది. దాని దీపం ఎప్పుడో చచ్చింది. ఇల్లు మారిన రోజు ఎవరో వేసి ఉంటారు, నాలుగేళ్లుగా వేసే ఉంది. చుట్టాలొస్తే తప్ప ఆ బాత్‌రూము వాడం. పైగా వేడినీళ్ల కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. రాత్రి పదింటికి బకెట్ పెడితే పొద్దున ఆరింటికి తొమ్మిది లీటర్లు. గోరువెచ్చగా!

లెక్కలపురుగు
ఎనిమిది గంటలకు తొమ్మిది అంటే రోజుకు 27 లీటర్లు. 30 డిగ్రీలు పెంచడానికి దాదాపు ఒక యూనిట్. ట్యాంకు గోడల్లోంచి పోయే వేడి ఇంకో యూనిట్ పైన. మీటరు కూడా అదే చెప్తోంది: గంటన్నరకోసారి అంటే రోజుకు 16 సార్లు, నాలుగేసి నిమిషాలు, రెండు కిలోవాట్లు. 2.1 యూనిట్లు. నెలకు 64. కార్బన్ డయాక్సైడ్ 50 కిలోలు. నాలుగేళ్లకి రెండున్నర టన్నులు, ఎవరూ స్నానం చేయకుండా.

తలతిక్క
బల్లులు చేసి ఉంటాయి.

గోడమీదబల్లి
మాకేం సంబంధం లేదు.

మధ్యాహ్నపునిద్ర
కింది గీజర్ థర్మోస్టాట్ కూడా 40కి దించేయండి, ఇంకా మిగులుతుంది.

నీలిగీత
అంత దించకండి. నిల్వ ఉండే గోరువెచ్చటి నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. నిల్వ ట్యాంకుని 60 దగ్గర ఉంచమనేది అందుకే. స్నానానికి ముందు వేసి, తర్వాత ఆపడం మేలు.

ఎండకన్ను
వీలైతే ఆ వేయడం కూడా మధ్యాహ్నం. సోలార్ ఎక్కువున్న గ్రిడ్‌లో ఎండ మీదున్నప్పుడు వాడిన యూనిట్‌కీ, రాత్రి ఏడింటికి వాడిన యూనిట్‌కీ బిల్లులో తేడా ఉండకపోవచ్చు, పొగలో ఉంటుంది. మా వాషింగ్ మెషీన్ నేను పదకొండింటికే వేస్తా. చన్నీళ్ల మీదే, ఎందుకంటే దాని ఖర్చులో పెద్ద వాటా నీళ్లు కాచడానికే.

బొగ్గుబావి_08
ఇది నిజం. మధ్యాహ్నం మమ్మల్ని లోడు దించమనేవాళ్లు, సాయంత్రం ఎక్కించమనేవాళ్లు.

గోడమీదబల్లి
ఒక పుల్ల వేస్తా. మిగిలిన 64 యూనిట్లు చూసుకుని ధైర్యంగా ఏసీ ఇంకో గంట వేస్తారు. మా ఇంట్లో జరిగిందే. ఎల్‌ఈడీలు పెట్టాక "ఎంతలే" అని వరండాలో రాత్రంతా వెలుగుతోంది. జెవాన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త 1865లోనే చెప్పాడు, ఆవిరి ఇంజన్లు పొదుపుగా మారేకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందని.

లెక్కలపురుగు
కొంత తిరిగొస్తుంది, మొత్తం రాదు. మీ వరండా 9 వాట్లు రాత్రంతా వెలిగినా పాత 60 వాట్ల బల్బు రెండు గంటలకు తినేదే.

కిటికీపక్కన
నెల తిరిగింది. 231 యూనిట్లు.

మధ్యాహ్నపునిద్ర
వాతావరణం చల్లబడింది, ఏసీ కూడా తగ్గించి ఉంటారు. అంతా గీజర్ పుణ్యమే అనకండి.

కిటికీపక్కన
అందుకే మళ్లీ పీట వేసుకున్నా. మూడు గంటలు కూర్చుంటే నిమిషానికి ఒక్క మిణుకు, అంతే. కుళాయికి వాషరు మార్చాం. ఛార్జర్లు పీకడం మానేశా, పిల్లలు కాస్త నిరాశపడ్డారు.

ఇప్పుడు కొత్త సమస్య. మా మీటరు పక్కనే పక్కింటివాళ్ల మీటరు. వాళ్లు ఊరెళ్లి వారమైంది, ఇంటికి తాళం. నిన్న రాత్రి వాళ్ల దీపం గంటకోసారి పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది. ఫోన్ చేసి చెప్తే, మా మీటరు మీకెందుకు అంటారేమో?

సగం_ఇంజనీరు
చెప్పండి. అటక మీద సూట్‌కేసు ఉందేమో ముందు అడగండి.